పాటకు ఒక తిథి కావాలి

పల్నాటి వీరగాథను శతాబ్దాలుగా మోస్తున్నది కారంపూడి ఉత్సవం, అక్కడ పాడే విద్యావంతులు. అదే నేల మీద ఎదిగిన బుర్రకథ మాత్రం ఇవాళ వేదిక కోసం వెతుక్కుంటోంది. ఏటేటా తప్పకుండా జరిగే ఒక పండుగ కళాకారుడికి ఏం చేస్తుందో, అది లేకపోతే ఏమవుతుందో చెప్పే కథనమిది.

కార్తీకం చివరికొచ్చేసరికి పల్నాటి చేలు తెల్లబడతాయి. పగిలిన పత్తి తీయడానికి కూలీలు చాలక రైతులు పొరుగూళ్లకు ఆటోలు పంపుతుంటారు. మిరపతోటలు పూత మీద ఉంటాయి. పురుగుమందుల కొట్ల దగ్గర రద్దీ తగ్గదు. ఇంత పని మధ్యలోనూ అమావాస్య నాటికి కారంపూడి దారి పట్టేవాళ్లు పడతారు. తాడేపల్లి నుంచి గుంటూరు, నరసరావుపేట మీదుగా పడమటికి వెళ్తే, నాగులేటి ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. అక్కడి వీరుల గుడి దగ్గర ఐదు రోజులు జరుగుతాయి పల్నాటి వీరారాధన ఉత్సవాలు.

ఆ ఐదు రోజులకూ ఐదు పేర్లున్నాయి. మొదటిది రాచగావు. తర్వాత రాయబారం, మందపోరు, కోడిపోరు. చివరిది కల్లిపాడు. పన్నెండో శతాబ్దంలో మాచర్ల, గురజాల రాజ్యాల మధ్య జరిగిన దాయాదుల పోరు మొత్తం ఈ పేర్లలోనే ఉంది. మలిదేవుల పక్షాన బ్రహ్మనాయుడు, నలగామరాజు పక్షాన నాయకురాలు నాగమ్మ. కోడిపందెంలో ఓడి మాచర్లవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లడం, గడువు తీరాక అలరాజు రాయబారం వెళ్లి విషప్రయోగానికి బలికావడం, పశువుల మందను కాపాడబోయి లంకన్న ప్రాణం ఇవ్వడం, చివరికి కారంపూడి రణరంగంలో బాలచంద్రుడూ అతని తోటి వీరులూ నేలకొరగడం. మందపోరు నాడు చాపకూడు పెడతారు. కులం చూడకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన బ్రహ్మనాయుడి ఆనవాయితీకి అది కొనసాగింపు.

వీరుల వారసులుగా చెప్పుకునే ఆచారవంతులు తమ ఇళ్లలో ఏడాది పొడవునా పూజలందుకునే ఆయుధాలను, అంటే కొణతాలను, దూరాభారమైనా మోసుకొస్తారు. నాగులేటిలో వాటికి స్నానం చేయించి, పసుపు కుంకుమలు పెట్టి, పూలు చుట్టి వీరుల గుడికి చేరుస్తారు. పిడుగు వంశీయుల పీఠం ఆధ్వర్యంలో ఈ క్రతువంతా నడుస్తుంది. గుంపులో కొందరికి పూనకం వస్తుంది. డప్పుల మోతలో మాట వినపడదు.

ఇదంతా కళ్లకు కనిపించే పండుగ. చెవులకు వినిపించే పండుగ వేరే ఉంది. దాన్ని నడిపేవాళ్లు వీరవిద్యావంతులు.

తిత్తి, పంబ, గొంతు

విద్యావంతులు మాల కులానికి చెందిన గాయకులు. పల్నాటి వీరుల కథ పాడడం వాళ్లకు వంశపారంపర్యంగా వచ్చిన బాధ్యత. బృందం పెద్దదేమీ కాదు. ఒకరు తిత్తి పడతారు. అది తోలుతో చేసిన గాలిసంచి, దాని నుంచి ఒకే స్వరం తెగకుండా వస్తూ ఉంటుంది. గాయకుడికి శ్రుతి అదే. మరొకరు పంబ వాయిస్తారు. ఒకదానితో ఒకటి జతకట్టిన రెండు డోళ్లవి. తాళాలు ఉంటాయి. వీటి నడుమ ప్రధాన కథకుడు నిలబడి పాదం పాడతాడు, పాడినదాన్ని మాటల్లో చెబుతాడు, మళ్లీ పాటలోకి వెళ్తాడు. వెనకవాళ్లు వంత అందుకుంటారు.

ఆ పాటలో సంగతులు, గమకాలు వెతికేవాళ్లకు నిరాశే. దాని బలమంతా గొంతు ఎత్తులో ఉంది, ఊపిరి పట్టులో ఉంది. పంబ మోతను దాటి, వందల మంది గోలను దాటి చివరి వరసలో కూర్చున్న ముసలమ్మ చెవిన పడాలి. అందుకే పై స్థాయిలో ఎత్తుకుంటారు. పాదం చివర గొంతు ఒక్కసారిగా దించుతారు. అక్కడ పంబ తీరు మారుతుంది. యుద్ధ ఘట్టం వచ్చేసరికి నడక వేగం అందుకుంటుంది, భార్య మాంచాల దగ్గర బాలచంద్రుడు సెలవు తీసుకునే ఘట్టంలో నెమ్మదిస్తుంది. రాతలో స్వరం లేదు, పుస్తకం ముందు పెట్టుకోవడం లేదు. తండ్రి వెనక నిలబడి వంత పాడుతూ పాడుతూ కొడుకు నేర్చుకున్నదే చదువు.

వినేవాళ్లలో కథ తెలియనివాళ్లు ఉండరు. అలరాజు తిరిగి రాడని అందరికీ తెలుసు, బాలచంద్రుడు బతకడని తెలుసు. తెలిసిన కథనే మళ్లీ వినడానికి వస్తారు. వరస తప్పినా, ఒక వీరుడి పేరు మరిచిపోయినా పట్టుకోగలిగినవాళ్లు ముందే కూర్చుని ఉంటారు. ఆ వీరుడి కొణతం మోసుకొచ్చిన కుటుంబమే ఎదురుగా ఉంటుంది. ఏ కళాకారుడికైనా ఇంతకంటే కఠినమైన పరీక్ష మరొకటి లేదు, ఇంతకంటే గొప్ప సభ కూడా లేదు. ఏడాదికొకసారి ఈ పరీక్ష తప్పదు గనకే కథ చెక్కుచెదరలేదు. గాయకుడు మరిచిపోవడానికి వీల్లేని ఏర్పాటు ఇది.

రాసినవారి పేరు నిలిచింది, పాడినవారి సంగతేమిటి?

పల్నాటి వీరచరిత్ర అనగానే శ్రీనాథుడి పేరు చెబుతాం. ద్విపదలో ఉన్న ఆ కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చువేసి తెలుగువాళ్ల చేతుల్లో పెట్టారు. ఆ మేలు మరిచిపోలేం. కానీ కావ్యం కంటే ముందే పాట ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేర వెలసిన క్రీడాభిరామంలో ఓరుగల్లు నగరంలో పల్నాటి వీరుల కథ పాడే సన్నివేశమే ఉంది. పల్నాటి రాళ్ల నుంచి కాకతీయుల రాజధాని వీధుల దాకా ఆ పాటను తీసుకెళ్లింది గాయకులే. వాళ్లలో ఒక్కరి పేరూ మన దాకా రాలేదు.

పేరు దక్కినవాడు ఒకడున్నాడు. 1970లలో జీన్ రోగేర్ అనే అమెరికా పరిశోధకుడు పల్నాడు వచ్చి, ఆలిసెట్టి గాలెయ్య అనే విద్యావంతుడి దగ్గర కూర్చుని కథ మొత్తం రికార్డు చేశాడు. దాన్ని ఇంగ్లిషులోకి అనువదించి, కథ పుట్టుపూర్వోత్తరాలు, ఉత్సవం తీరుతెన్నులు వివరిస్తూ పుస్తకం రాశాడు. 1982లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయం దాన్ని ప్రచురించింది. ప్రపంచంలో మౌఖిక ఇతిహాసాల గురించి చదివేవాళ్లు ఇవాళ పల్నాడు పేరు ఎత్తుతున్నారంటే ఆ పుస్తకమే కారణం. ఆ పుస్తకానికి మూలం గాలెయ్య గొంతు. శ్రీనాథుడి కావ్యంలో మనకు దొరికింది కొంత భాగమే. గాలెయ్య పాడినది ఆది నుంచి అంతం దాకా ఉన్న కథ.

రోగేర్ చేసిన గొప్ప పని గాయకుడి పేరు నమోదు చేయడం. మన జానపద సేకరణల్లో చాలావాటికి ఆ అలవాటు లేదు. పాటను తీసుకుంటాం, కింద 'జానపదం' అని రాస్తాం. పాడినవాడికి ఊరు, పేరు, గురువు ఉంటారని మరిచిపోతాం.

ఏరు దాటితే ఆరాధన

ఏటేటా జరిగే ఉత్సవం కళాకారుణ్ణి ఎలా తయారుచేస్తుందో చూడాలంటే శాస్త్రీయ సంగీతం వైపు కూడా ఒకసారి చూడాలి. తాడేపల్లి నుంచి ప్రకాశం బ్యారేజీ దాటితే బెజవాడ. కృష్ణాతీరంలో కర్ణాటక సంగీతానికి పెద్ద దిక్కు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఆయన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. శాస్త్రిగారి గురువు మానాంబుచావిడి వెంకటసుబ్బయ్య, త్యాగరాజస్వామికి ప్రత్యక్ష శిష్యుడు. ఆ పరంపరలో పంతులుగారి దగ్గర చేరిన పిల్లవాడే మంగళంపల్లి మురళీకృష్ణ. బెజవాడలో జరిగిన త్యాగరాజ ఆరాధనోత్సవంలో ఎనిమిదేళ్ల ప్రాయంలో కచేరీ చేశాడు. ఆ పాట విని పరవశించిన హరికథా విద్వాంసుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ అతని పేరుకు ముందు 'బాల' చేర్చారు. బాలమురళి అనే పేరు అలా ఒక ఉత్సవ వేదిక మీదే స్థిరపడింది.

నాలుగు దశాబ్దాల తర్వాత అలాంటిదే గుడివాడలో జరిగింది. 1978లో అక్కడి త్యాగరాజ ఆరాధనోత్సవంలో పాలకొల్లు కుర్రవాడు ఒకడు మాండలిన్‌తో వేదికెక్కాడు. అప్పటికి మాండలిన్ అంటే సినిమా పాటల వాద్యం. కర్ణాటక రాగాలకు అది పనికొస్తుందని ఎవరూ అనుకోలేదు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడి వినిపించేవారు, పిల్లవాడు విన్నదాన్ని తీగల మీద పట్టుకునేవాడు. ఆ పిల్లవాడు ఉప్పలపు శ్రీనివాస్. గుడివాడ నుంచి మద్రాసుకు, 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవానికి, అక్కడి నుంచి ప్రపంచమంతటికీ వెళ్లాడు. 2014లో నలభై అయిదేళ్లకే కన్నుమూశాడు. మాండలిన్ పేరు ఆయన పేరులో భాగమైపోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటే. ఆ తిథి, ఆ సభ, ఆ వినేవాళ్లు ముందే సిద్ధంగా ఉన్నారు. పిల్లవాడు పుట్టాక వేదిక కట్టలేదు. వేదిక ఏటా ఉంది గనక పిల్లవాడు దొరికాడు.

అమెరికా కొండల్లో అదే మాండలిన్

శ్రీనివాస్ చేతిలో రాగం పలికిన వాద్యమే అమెరికాలో బిల్ మన్రో చేతిలో మరో సంగీతానికి పుట్టుక ఇచ్చింది. మన్రోది కెంటకీ రాష్ట్రంలో రోజీన్ అనే పల్లె. 1911లో పుట్టాడు. మేనమామ పెన్ వాండివర్ ఊరి నాట్యాలకు ఫిడేలు వాయించేవాడు. ఆర్నాల్డ్ షుల్జ్ అనే నల్లజాతి సంగీతకారుడి దగ్గర బ్లూస్ నడక విన్నాడు. మన్రో తన బృందానికి బ్లూ గ్రాస్ బాయిస్ అని పేరు పెట్టాడు. 1939లో నాష్‌విల్ రేడియోలో గ్రాండ్ ఓల్ ఓప్రీ కార్యక్రమంలో చేరాడు. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ వచ్చి మూడువేళ్ల పద్ధతిలో బాంజో వాయించడంతో, బృందం పేరు మీదుగా బ్లూగ్రాస్ అనిపించుకున్న ఆ బాణీకి రూపం కుదిరింది. మాండలిన్, ఫిడేలు, బాంజో, గిటారు, పెద్ద బాస్. పైస్థాయిలో, ఒంటరితనం ధ్వనించే గొంతు. వలస వచ్చిన స్కాట్లండు, ఐర్లండు ప్రజల కథాగేయాలు, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా ప్రజల లయ, చర్చి పాటలు, అన్నీ అందులో కలిశాయి. బాంజో ఆఫ్రికా నుంచే వచ్చింది. తొలినాళ్లలో దాన్ని ఎండిన బుర్రకు తోలు బిగించి, తీగలు కట్టి చేసేవారు.

1950లలో రాక్ అండ్ రోల్ వచ్చింది. మన్రో రాసిన పాటనే 1954లో ఎల్విస్ ప్రెస్లీ తన ధోరణిలో పాడి ఊపేశాడు. కుర్రకారు అటు మళ్లింది. పాత బృందాలకు కచేరీలు పడిపోయాయి. ఈ సంగీతం పని అయిపోయిందనుకున్న రోజుల్లో, 1965 సెప్టెంబరులో కార్ల్‌టన్ హేనీ అనే నిర్వాహకుడు వర్జీనియాలోని ఫిన్‌కాసిల్‌లో, ఒక గుర్రాల ఫారంలో, బ్లూగ్రాస్ కోసమే కొన్ని రోజులు సాగే ఉత్సవం పెట్టాడు. మన్రో, ఆయన దగ్గర పనిచేసి విడిపోయినవాళ్లు ఒకే వేదిక మీదకు వచ్చారు. 1967లో మన్రో ఇండియానాలోని బీన్ బ్లాసమ్‌లో తన సొంత ఉత్సవం మొదలుపెట్టాడు. అది ఏటా జూన్‌లో జరిగే ఆనవాయితీ అయింది. ఆ దారిలో ఇలాంటి ఉత్సవాలు ఊరూరా పుట్టాయి.

ఆ ఉత్సవాల్లో రెండు అలవాట్లు మనం తెలుసుకోదగ్గవి. పాతకాలపు పద్ధతిలో బృందమంతటికీ ఒకే మైకు. పాడేవాడు మైకు ముందుకొస్తాడు, పాదం కాగానే పక్కకు తప్పుకుంటాడు, ఆ సందులో ఫిడేలు వాడు వంగి ముందుకొస్తాడు, వాయించి వెనక్కి వెళ్తాడు. ఎవరి వంతు ఎప్పుడో ఎవరూ చెప్పరు, ఒంటి కదలిక చూసి తెలుసుకోవాలి. రెండో అలవాటు, వేదిక మీద కచేరీ అయ్యాక వాహనాలు ఆపిన మైదానంలో, గుడారాల దగ్గర తెల్లవారుజాము దాకా సాగే బైఠకులు. పదేళ్ల పిల్ల మాండలిన్ పట్టుకుని పెద్ద విద్వాంసుల పక్కన నిలబడవచ్చు. పాఠశాల పెట్టకుండానే ఒక తరం నుంచి మరో తరానికి ఆ బాణీ అలా చేరింది.

పొన్నెకల్లు గొంతు

ఇప్పుడు మన మాటకు వద్దాం. తాడేపల్లి నుంచి తాడికొండ వైపు వెళ్తే పొన్నెకల్లు. 1920 ఫిబ్రవరి 5న ఆ ఊళ్లో దూదేకుల కుటుంబంలో పుట్టాడు షేక్ నాజర్. పత్తి ఏకడం ఆ ఇళ్ల కులవృత్తి. పేదరికంలో పెరిగి, హార్మోనియం, తబలా, శాస్త్రీయ సంగీతం నేర్చుకుని, నాటకాల్లో వేషాలు కట్టి, చివరికి బుర్రకథను తన వశం చేసుకున్నాడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. తన పుట్టుకను దాచుకోకుండా పుస్తకం అట్ట మీదే పెట్టిన మనిషి.

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ కథకుడు. నిలువుటంగీ, తలపాగా, నడికట్టు, కాళ్లకు గజ్జెలు. భుజాన తంబూరా. దాని బుర్ర వల్లనే కథకు ఆ పేరు. బొటనవేలికి అందె, చేతిలో మరో అందె. రెండూ తగిలినప్పుడు ఘల్లుమంటాయి. అటూ ఇటూ డక్కీలతో వంతలు. కుడిపక్కవాడు రాజకీయం చెబుతాడు. అంటే నిన్న పేపర్లో వచ్చిన సంగతిని ఇవాళ కథలోకి లాక్కొస్తాడు. ఎడమపక్కవాడు హాస్యగాడు. వినేవాళ్లు బరువెక్కినప్పుడు నవ్విస్తాడు.

పక్కన నిలబడి చూస్తే అర్థమవుతుంది, ఇది ఎంత కష్టమైన పనో. కథకుడు నాలుగడుగులు ముందుకేస్తాడు, తంబూరా మీటుతూనే పాదం పాడతాడు, ఆఖరి మాట వంతల చేతికి అందిస్తాడు. వాళ్లు అందుకుని డక్కీ మీద తిప్పుతుండగా వెనక్కి నడుస్తాడు. ఆ నాలుగడుగుల వ్యవధిలోనే ఊపిరి తీసుకోవాలి, తర్వాతి పాదం తలుచుకోవాలి, ఎదుటివాళ్ల ముఖాలు చదవాలి. మళ్లీ తిరిగేసరికి ముఖంలో భావం మారిపోయి ఉండాలి. ఒక్కడే బాలచంద్రుడు, ఒక్కడే మాంచాల, ఒక్కడే నాగమ్మ. వీరం చెబుతున్నప్పుడు అందె మోగుతుంది. కరుణ వచ్చేసరికి అదే చెయ్యి బిగుసుకుని మౌనంగా ఉండిపోతుంది. బీన్ బ్లాసమ్‌లో ఒకే మైకు చుట్టూ తిరిగే కళాకారుల మధ్య నడిచే అవగాహన ఈ ముగ్గురి మధ్యా ఉంది. దీనికి తోడు మనవాళ్లు కథ చెబుతారు, నటిస్తారు, చిందేస్తారు.

జంగం కథగా ఊళ్లలో తిరిగిన ఈ రూపం 1940లలో వామపక్ష ఉద్యమ కళాసంస్థ ప్రజానాట్యమండలి చేతికి వచ్చాక కొత్త జన్మ ఎత్తింది. రైతు కూలీ సమస్యలు, బెంగాల్ కరువు, అల్లూరి సీతారామరాజు కథ బుర్రకథలయ్యాయి. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' రాశారు. మోటూరు ఉదయం లాంటి స్త్రీలు దళాలు కట్టి ఊరూరా చెప్పారు. ఆడవాళ్లు తంబూరా పట్టి వేదికెక్కడం అప్పటి పల్లెలకు మామూలు విషయం కాదు. ఈ దళాలన్నిటికీ తలమానికం నాజర్. గరికపాటి రాజారావు తీసిన 'పుట్టిల్లు'లో, 1954లో వచ్చిన 'అగ్గిరాముడు'లో ఆయన బుర్రకథ వెండితెరకెక్కింది. 'అగ్గిరాముడు'లోని అల్లూరి కథ చూసినవాళ్లకు ఆయన మెడ విరుపు, కళ్లలోని నిప్పు ఇప్పటికీ గుర్తే. పల్నాటి యుద్ధం కూడా ఆయన బుర్రకథగా చెప్పారు. కారంపూడిలో తిత్తి, పంబల మధ్య పాడిన కథ పొన్నెకల్లు తంబూరా మీద కొత్త నడక నడిచింది. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన పోయారు.

తిథి లేని కళ

కారంపూడి పాటకు కార్తీక అమావాస్య ఉంది. ఆరాధనకు పుష్య బహుళ పంచమి ఉంది. బుర్రకథకు అలాంటి రోజు లేదు. ఉద్యమాలున్న రోజుల్లో ఉద్యమమే దానికి పండుగ. తర్వాత దసరా పందిళ్లు, శ్రీరామనవమి పందిళ్లు, సంక్రాంతి తిరునాళ్లు ఆదుకున్నాయి. ఆ పందిళ్లలోకి ఆర్కెస్ట్రాలు వచ్చాయి, డీజేలు వచ్చాయి. మిగిలింది ప్రచార కార్యక్రమాలు. కుటుంబ నియంత్రణ, అక్షరాస్యత, ఎయిడ్స్ నివారణ, ప్రభుత్వ పథకాలు. ఆ పనికి బుర్రకథ బాగా పనికొచ్చింది, కళాకారులకు కొంత కూడు దొరికింది. కానీ పావుగంటలో పథకం పేరు నాలుగుసార్లు చెప్పి ముగించే కార్యక్రమంలో రాత్రంతా బొబ్బిలి యుద్ధం చెప్పగల నేర్పు ఎక్కడ నిలుస్తుంది? వాడని కండరం సన్నబడుతుంది. కళ కూడా అంతే.

కొత్తవాళ్లు నేర్చుకోవడం లేదంటాం. ఎందుకు నేర్చుకుంటారు? ఎప్పుడు, ఎవరి ముందు చెప్పడానికి నేర్చుకోవాలి? బాలమురళి కోసం బెజవాడ ఆరాధన ఎదురుచూసింది, శ్రీనివాస్‌కు గుడివాడ సభ ఉండేది. విద్యావంతుడి కొడుక్కి వీరుల గుడి ఉంది. బుర్రకథ నేర్చుకునే కుర్రవాడికి ఏటా ఎదురుచూసే సభ ఏది? మరో సంగతి. 2025లో బుర్రకథకుడు మిరియాల అప్పారావుకు పద్మశ్రీ ప్రకటించారు. అప్పటికే ఆయన లేరు. జీవితమంతా తంబూరా మోసిన మనిషికి గౌరవం ప్రాణం ఉండగా అందితే ఆ వెలుగు మరో పది మంది శిష్యుల మీద పడేది.

కారంపూడి గాయకులకూ అన్నీ సవ్యంగా ఉన్నాయని కాదు. ఐదు రోజుల పాట ఏడాది కూడు పెట్టదు. మిగిలిన రోజులు కూలిపనులకు వెళ్లేవాళ్లు చదువుకుంటున్న పిల్లల్ని తిత్తి పట్టమని బలవంతం చేయలేరు, చేయకూడదు కూడా. అయినా ఆ తిథి ఉంది గనక పాట ఇంకా ఉంది. తిథితో పాటు జీవనం కూడా ఉంటే ఆ పిల్లలు తమంతట తామే వస్తారు.

రాజధానికి ఒక విన్నపం

తాడేపల్లి ఇవాళ పాత తాడేపల్లి కాదు. 2021లో మంగళగిరితో కలిసి నగరపాలక సంస్థ అయింది. పక్కనే ఉండవల్లి గుహలు, ఆపైన అమరావతి. జాతీయ రహదారి వెంట అంతస్తుల మీద అంతస్తులు లేస్తున్నాయి. రాజధానికి సభాభవనాలు వస్తాయి, ఉత్సవాలు వస్తాయి, పేరున్న గాయకులు విమానాల్లో వస్తారు. అందులో తప్పులేదు. కానీ ఈ రాజధాని నిలబడ్డ నేలకు ఒక గొంతు ఉంది. పొన్నెకల్లు ఇక్కడికి కూతవేటు దూరం, పల్నాడు పక్క జిల్లా.

నాజర్ పుట్టినరోజు ఫిబ్రవరి 5. మిరపకాయ కళ్లాలకు చేరే కాలం, పల్లెలో నాలుగు డబ్బులు ఆడే కాలం. ఆ రోజున విగ్రహానికి దండలు వేసి, మైకు ముందు రెండు ముక్కలు మాట్లాడి ఇంటికి వెళ్లిపోవడం చాలదు. ఆ తేదీన మొదలుపెట్టి కొన్ని రోజులు కథాగాన ఉత్సవం ఏటా జరపాలి. పల్నాటి విద్యావంతులు, బుర్రకథ దళాలు, పన్నెండు మెట్ల కిన్నెర వాయించే తెలంగాణ కళాకారులు, ఒగ్గుకథ, జముకుల కథ చెప్పేవాళ్లు ఒకచోట చేరాలి. పావుగంట ముక్కలు వద్దు, ఒక్కొక్కరికి ఒక రాత్రి ఇవ్వాలి. వేదిక మీద కథకుడితో పాటు వంతలకూ సమానంగా పారితోషికం ముట్టాలి, అదీ ఆ రోజే. పగటిపూట పిల్లలు పెద్ద కళాకారుల పక్కన కూర్చుని డక్కీ మోగించే చోటు ఉండాలి. పాడిన ప్రతి కథనూ పాడినవారి పేరుతో, ఊరితో, గురువు పేరుతో రికార్డు చేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. ఫిన్‌కాసిల్‌లో ఒక్క నిర్వాహకుడు, ఒక గుర్రాల ఫారంలో చేయగలిగిన పని ఒక రాష్ట్ర రాజధాని చేయలేనిది కాదు.

ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కర్లేదు. మీ ఊళ్లో శ్రీరామనవమి పందిరి వేస్తున్నారా? ఒక్క రాత్రి బుర్రకథకు ఇవ్వండి, వచ్చిన దళానికి భోజనం పెట్టి, ఒప్పుకున్న డబ్బు చేతికిచ్చి పంపండి, వచ్చే ఏడాది తేదీ కూడా అప్పుడే చెప్పండి. మీ కాలనీ సంఘం వినాయక చవితికి పెట్టే ఖర్చులో పదో వంతు చాలు ఒక దళానికి. ఈ కార్తీక అమావాస్యకు వీలు చేసుకుని కారంపూడి వెళ్లండి, పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. పాట అయ్యాక గాయకుడి దగ్గరికెళ్లి పేరు అడగండి, గుర్తుపెట్టుకోండి. వినేవాళ్లు ఏటా వస్తే పాడేవాళ్లు ఏటా ఉంటారు.